కార్డు లేకపోతే జబ్బు రాదా?

పోయిన నెల ఇదే పేజీలో ఆరోగ్యశ్రీ మీద చిన్న జవాబు ఒకటి రాశాను, దాంతో రేషన్ కార్డు లేక ఆ పథకం మాకు అందలేదని ఉత్తరాలు కట్టలుగా వచ్చాయి. ముప్పై ఏళ్లు పాలమూరు, నల్లగొండ సర్కారు దవాఖానల్లో స్టాఫ్ నర్సుగా చేసినదాన్ని, ఈ బాధ నాకు కొత్త కాదు. అయినా ఇన్ని ఊళ్ల నుంచి ఇంతమంది ఒకటే మాట రాసేసరికి మనసు ఆగలేదు, ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను. వేరే ప్రశ్నలు పంపినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: అక్కా, మాది అచ్చంపేట దగ్గర పల్లె. పదకొండేళ్లు పుణెలో గుంపు మేస్త్రీ కింద బిల్డింగు పని చేసి రెండేళ్ల కింద ఊరికొచ్చాం. మా అత్తమ్మ రేషన్ కార్డులో మా పేర్లు ఉండేవి, ఊళ్లో లేరని ఎప్పుడో తీసేశారట, మాకు తెలియనే తెలియదు. దసరా ముందు మా ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది, ఆయనకు 41 ఏళ్లు. హైదరాబాద్ తీసుకుపోతే స్టెంట్ వేయాలన్నారు, ఆరోగ్యశ్రీకి కార్డు ఉందా అన్నారు, లేదంటే పైసలు కట్టమన్నారు. లక్షా ఎనభై వేలు మూడు రూపాయల మిత్తికి తెచ్చి కట్టాం. మనిషి దక్కాడు, కానీ బరువు పని చేయొద్దన్నారు. మేం పేదోళ్లం కాదా అక్కా?
ఒక చెల్లె, అచ్చంపేట

జవాబు: చెల్లె, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. లక్షా ఎనభై వేలకు మూడు రూపాయల మిత్తి అంటే నెలకు 5,400, అది కూడా అసలు కదలకుండా. బరువు మోయొద్దన్న మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ 5,400 నువ్వెక్కడి నుంచి తెస్తావో తలుచుకుంటేనే నాకు టెన్షన్ వచ్చింది. ముందు చేయాల్సిన పనులు చెబుతాను, నా కోపం సంగతి తర్వాత.

ఆయన మందులు ఒక్క రోజు కూడా ఆపనివ్వకు. స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే గోలీలు పైసల్లేవని మానేసి, మళ్లీ అదే నొప్పితో వార్డుకు వచ్చినవాళ్లను నా చేతులతో మంచం మీద పడుకోబెట్టాను. బయట కొనలేకపోతే మహబూబ్‌నగర్ జనరల్ హాస్పిటల్ ఓపీలో చూపించి అక్కడ రాయించుకో, లేదంటే జన ఔషధి షాపులో అదే మందు అడుగు, చాలా తక్కువకు దొరుకుతుంది. తర్వాత సీఎం రిలీఫ్ ఫండ్. డిశ్చార్జి కాగితం, అసలు బిల్లులు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు పట్టుకుని మీ ఎమ్మెల్యే ఆఫీసుకు పో, దరఖాస్తు పంపే దారి అదే. కట్టిందంతా తిరిగి రాదు, కొంత వస్తుంది, ఆ కొంత అసలులో కట్టేస్తే మిత్తి భారం ఆ మేరకు తగ్గుతుంది. బిల్లులో స్టెంట్‌కు ఎంత వేశారో కూడా చదువుకున్నవాళ్లతో చూపించు, 2017 ఫిబ్రవరి నుంచి స్టెంట్ ధరకు కేంద్రం పరిమితి పెట్టింది, అంతకు మించి వేయకూడదు. ఇక కార్డు. మీ సేవలో కొత్త ఆహార భద్రత కార్డుకు, అంటే రేషన్ కార్డుకే, మీ ఇంట్లో అందరి పేర్లతో దరఖాస్తు పెట్టు. పల్లెల్లో ఏడాది ఆదాయం లక్షన్నర లోపు, పట్నాల్లో రెండు లక్షల లోపు ఉండాలి, భూమైతే తరి మూడున్నర ఎకరాలు, మెట్ట ఏడున్నర ఎకరాలు దాటకూడదు. మీరు దాంట్లోకి వస్తారు. రసీదు భద్రంగా పెట్టుకో, తహసీల్ ఆఫీసుకు పోయినప్పుడల్లా అదే చూపించు.

ఇప్పుడు నా కోపం. ఆరోగ్యశ్రీ మొదలైందే మన దగ్గర. 2007 ఏప్రిల్ 1న, ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, ముందు మూడు జిల్లాల్లో పెట్టి చూశారు, మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. మూడూ వెనకబడ్డ జిల్లాలే. పాలమూరు కూలీని చూసి మొదలుపెట్టిన పథకం ఇవాళ పాలమూరు కూలీకి అందలేదు, ఎందుకంటే అతను కూలికి పోయి ఊళ్లో లేడు! దీన్ని ఎవరు ఎలా సమర్థించుకుంటారో నాకు అర్థం కాదు.

ఆ పథకం గొప్పతనం నేను కాదనను. 2007కు ముందు వార్డులో పనిచేసినదాన్ని, పిల్లకు గుండెలో రంధ్రం ఉందని చెబితే ఆపరేషన్‌కు పైసల్లేక బిడ్డను ఎత్తుకుని బస్సెక్కి ఇంటికి పోయిన తల్లులు ఇంకా కళ్లముందే ఉన్నారు. అప్పట్లో కుటుంబానికి రెండు లక్షల దాకా ఇచ్చేవాళ్లు, తర్వాత అది ఐదు లక్షలైంది, 2023 డిసెంబర్ 9 నుంచి పది లక్షలు. 2024లో ఇంకో 163 రకాల చికిత్సలు కలిపారు, ఇప్పుడు మొత్తం 1,835. అన్నీ మంచివే. కానీ పది లక్షలైనా యాభై లక్షలైనా కార్డు లేనివాడి చేతికి వచ్చేది సున్నా. బియ్యం తెచ్చుకునే కార్డుకు గుండె ఆపరేషన్‌ను ముడిపెట్టారు, అసలు తప్పంతా అక్కడుంది. వేలిముద్ర పడలేదని, ఊళ్లో ఉండటం లేదని పేరు తీసేస్తారు. అది బియ్యం లెక్క, సరే అనుకుందాం. దాంతోపాటు ఆపరేషన్ కూడా పోయిందని ఆ ఇంటికి ఎవరూ కబురు పెట్టరు, నొప్పి వచ్చిన రోజు కౌంటర్ దగ్గర తెలుస్తుంది.

పైగా ఏళ్ల తరబడి కొత్త కార్డులు సరిగా ఇవ్వలేదు. 2025 జూలై 14న సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో పెద్దఎత్తున పంపిణీ మొదలుపెట్టేదాకా మధ్యలో పెళ్లయి వచ్చిన కోడళ్లు, అన్నదమ్ములు వేరుపడ్డాక విడిగా ఉంటున్నవాళ్లు, వలస పోయి తిరిగొచ్చినవాళ్లు, అందరూ ఏదో ఒక జాబితా నుంచి జారిపోయారు. వీళ్లు ముసలివాళ్లు కాదు, పసిపిల్లలు కాదు. పాతికకూ యాభై ఐదుకూ మధ్య, ఇల్లు నడిపే వయసు. పని చేసుకునేవాడికి ఏం రోగమని వీళ్ల గురించి ఎవరూ అడగరు. రేషన్ కార్డుతో ముడి తీసేస్తామని 2024లో ప్రభుత్వం నుంచి మాట వచ్చింది, ఆ అక్టోబర్‌లో ఫ్యామిలీ డిజిటల్ కార్డు కోసం కొన్నిచోట్ల సర్వే కూడా మొదలైంది. నాకు రాసిన అందరినీ మాత్రం ఇంకా ఆ బియ్యం కార్డే అడిగారు. ఆ మాట నిలబెట్టుకోవాలని నేను అడుగుతున్నాను, మీరూ మీ ఊరికొచ్చిన ప్రతి లీడర్నీ అడగండి.

ప్రశ్న: మేడం, మహబూబ్‌నగర్‌లో బట్టల షాపులో చేస్తున్నాను, నెలకు 12 వేలు. మేం మొత్తం పద్దెనిమిది మందిమి. నాకు 29 ఏళ్లు, పెళ్లి కాలేదు, అమ్మానాన్న లేరు, ఏ కార్డులోనూ నా పేరు లేదు. నాకేమన్నా అయితే ఎట్లా?
ఒక తమ్ముడు, మహబూబ్‌నగర్

జవాబు: తమ్ముడూ, మీ షాపులో పదిమంది కంటే ఎక్కువున్నారు, నీ జీతం 21 వేల లోపు ఉంది, అంటే నీకు ఈఎస్ఐ, ఉద్యోగులకుండే సర్కారు ఆరోగ్య బీమా, రావాలి. అది ఓనరు దయ కాదు, చట్టం. నీ జీతంలోంచి 0.75 శాతం, అంటే 90 రూపాయలు కోస్తారు, ఓనరు తన జేబులోంచి 3.25 శాతం, అంటే 390 కడతాడు. ఆ 390 మిగుల్చుకోవడానికే చాలామంది మీ పేర్లు చూపించరు. జీతం చీటీ అడుగు, దానిలో ఈఎస్ఐ నంబరు ఉందో లేదో చూడు. లేకపోతే ఒక్కడివే పోయి గొడవ పడకు, పద్దెనిమిది మందీ కలిసి మాట్లాడండి, వినకపోతే ఈఎస్ఐ కార్పొరేషన్ ఆఫీసులో ఫిర్యాదు రాసివ్వండి.

ఒక్కమాట, ఈఎస్ఐలో ఆరోగ్యశ్రీలో లేనిది ఒకటుంది. జ్వరానికీ, బీపీకీ, షుగరుకూ ఓపీ చూపించుకోవచ్చు, మందులిస్తారు, డాక్టరు రాసిస్తే జబ్బు చేసిన రోజులకు ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారు. మంచం పట్టిన కూలీకి మందు ఎంత ముఖ్యమో ఆ రోజు కూలి కూడా అంతే ముఖ్యం. మన పథకాలన్నిట్లో ఆ సంగతి గుర్తుపెట్టుకున్నది ఇదొక్కటే అని నా అభిప్రాయం.

ప్రశ్న: మా నాన్నకు 72 ఏళ్లు, రిటైరైన ప్రైవేటు టీచరు, పెన్షన్ లేదు, కార్డు లేదు. ఏమన్నా దారి ఉందా?
హాలియా నుంచి

జవాబు: ఉంది. 70 నిండినవాళ్లందరికీ ఆదాయంతో పని లేకుండా కేంద్రం పథకం ఆయుష్మాన్ భారత్‌లో ఏడాదికి ఐదు లక్షల దాకా 2024 అక్టోబర్ 29 నుంచి వర్తింపజేశారు. వయసుకు ఆధార్ ఒక్కటే ఆధారం. ఈ నెలలోనే పేరు రాయించండి, పోయేముందు ఆ దవాఖాన ఆ పథకంలో ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

ప్రశ్న: అక్కా, మాకు నాలుగెకరాల తరి ఉంది, అందుకని కార్డు రాలేదు. పేరుకే తరి, మూడేళ్లలో రెండు బోర్లు ఎండిపోయాయి, నేను నల్లగొండలో ఆటో నడుపుతున్నా. కార్డున్న మా పక్కింటాయనకు ఆపరేషన్ ఉచితంగా అయింది, నాకు కిడ్నీలో రాయి పడితే 48 వేలయింది. అరెకరం ఎక్కువున్నందుకు ఇంత శిక్షా?
ఆటో డ్రైవర్, నల్లగొండ

జవాబు: తమ్ముడూ, ఏ గీత గీసినా దానికి అరెకరం అవతల ఒక మనిషి నిలబడే ఉంటాడు. గీత లేకుండా చేసిన రాష్ట్రాలున్నాయి, అందుకే ఇది కుదరని పనని ఎవరన్నా చెబితే నేను ఒప్పుకోను. మేఘాలయలో 2012 నుంచే ప్రభుత్వ ఉద్యోగులు తప్ప అక్కడ నివాసముండే అందరికీ సర్కారు ఇన్సూరెన్స్ ఉంది. రాజస్థాన్‌లో 2021లో చిరంజీవి పథకం పెట్టినప్పుడు పేదలకు ఉచితం, గీత అవతల ఉన్నవాళ్లు ఇంటికి ఏడాదికి 850 రూపాయలు కట్టి చేరొచ్చన్నారు. నీలాంటి ఆటో డ్రైవర్ 850 కట్టలేడా? సంతోషంగా కడతాడు, అడిగితే కదా. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీకి ఆదాయ పరిమితిని ఐదు లక్షలు చేశారు, దాంతో మధ్యలో నలిగిపోయే ఇళ్లు చాలా లోపలికి వచ్చాయి. మన దగ్గర కనీసం రాజస్థాన్, ఆంధ్ర పద్ధతుల్లో ఒకటి చేయాలి, నా మనసు మాత్రం రాజస్థాన్ పద్ధతి వైపే ఉంది, ఎందుకంటే దాంట్లో ఆదాయం సర్టిఫికెట్ కోసం తిరిగే పని లేదు.

అప్పటిదాకా నీకు మిగిలింది ప్రైవేటు పాలసీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు, అంతకుముందు 18 శాతం ఉండేది. కిడ్నీ రాయి సంగతి దాచకుండా రాయి. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్లకు మించి ఆపకూడదని 2024లో నియమం వచ్చింది. దాచిపెట్టి రేపు క్లెయిమ్ పోగొట్టుకోవడం కంటే ఆ మూడేళ్లు ఆగడం మేలు.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో టెక్సాస్‌లో ఉంటుంది. అక్కడ వాళ్ల ఆఫీసులో ఊడ్చే ఆమెకు ఇన్సూరెన్స్ లేదట, అదే ఆమె చెల్లెలు పక్క రాష్ట్రంలో అదే పని చేస్తే సర్కారు ఇన్సూరెన్స్ ఉందట. అంత పెద్ద దేశంలో ఇదేం పద్ధతి? దాని నుంచి మనం నేర్చుకునేది ఏమన్నా ఉందా?
ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: అన్నా, మీ అమ్మాయి చెప్పింది నిజమే, నేర్చుకునేదీ చాలా ఉంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

అక్కడ పేదలకు మెడికెయిడ్ అని 1965 నుంచి ఉంది. కానీ చాలాకాలం అది పిల్లలకు, గర్భిణులకు, వికలాంగులకు, బాగా పేదరికంలో ఉన్న తల్లిదండ్రులకు. పిల్లల్లేని కూలి మనిషి ఎంత పేదవాడైనా చాలా రాష్ట్రాల్లో లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. పైన మన బట్టల షాపు తమ్ముడి కథే అనుకోండి. 2010లో ఒబామా తెచ్చిన చట్టం ఆ గోడ తీసేసింది, పేదరిక రేఖకు 138 శాతం దాకా ఆదాయమున్న 65 ఏళ్ల లోపు పెద్దవాళ్లందరినీ 2014 నుంచి చేర్చాలని రాసింది. మధ్యలో 2012లో వాళ్ల సుప్రీంకోర్టు, చేరాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం అంది. కొత్తగా చేరేవాళ్ల ఖర్చులో 90 శాతం కేంద్రమే పెట్టుకుంటుంది, అయినా టెక్సాస్, ఫ్లోరిడా లాంటి పది రాష్ట్రాలు ఇప్పటికీ వద్దనే కూర్చున్నాయి. 40 రాష్ట్రాలు చేరాయి. ఆ అక్కచెల్లెళ్ల మధ్య తేడా ఇదే. ఏ ఊళ్లో ఉంటున్నావన్నదాన్ని బట్టి ప్రాణం ఖరీదు మారుతోంది.

ఇన్సూరెన్స్ ఇస్తే నిజంగా ఏమవుతుందన్నది కూడా వాళ్లు లెక్కగట్టి చూశారు. ఆరెగాన్ అనే రాష్ట్రంలో 2008లో మెడికెయిడ్‌లో సీట్లు తక్కువుండి సుమారు 90 వేల మంది పేర్లిస్తే లాటరీ తీశారు. పేరు వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ పోల్చి చూస్తే, దవాఖాన ఖర్చుతో ఇల్లు గుల్లకావడం దాదాపు లేకుండా పోయింది, అప్పు చేయడం తగ్గింది, డిప్రెషన్ తగ్గింది, షుగర్ ఉందని తెలుసుకుని మందులు వాడేవాళ్లు పెరిగారు. బీపీ, కొలెస్ట్రాల్ అంకెలు మాత్రం రెండేళ్లలో పెద్దగా మారలేదు, ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లు తగ్గుతారనుకుంటే ఇంకా పెరిగారు. ఇది చూపించి ఉపయోగం లేదన్నవాళ్లున్నారు. నేను అలా అనుకోను. పైన అచ్చంపేట చెల్లె ఉత్తరం చదివారు కదా, ఆమె నెలకు 5,400 మిత్తి కట్టక్కర్లేకపోతే ఆ ఇంట్లో ఎంత మారుతుందో ఏ మిషనూ చూపించలేదు. బీపీ తగ్గాలంటే దానికి వేరే పని ఉంది, రోజూ గోలీ చేతికి అందాలి. అది పల్లె దవాఖానల్లో జరగాలి, ఆరోగ్యశ్రీ ఆపరేషన్ల దగ్గర ఆగిపోతే జరగదు. మీ ఊరి ఆశా వర్కర్ ముప్పై దాటినవాళ్లకు బీపీ, షుగర్ చూస్తామని వస్తే పనుందని పంపేయకండి.

వాళ్ల దగ్గర నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. ఆర్కాన్సా రాష్ట్రంలో 2018లో, నెలకు 80 గంటలు పనిచేసినట్టు చూపిస్తేనే ఇన్సూరెన్స్ అన్నారు. కొన్ని నెలల్లోనే 18 వేల మందికి పోయింది. వాళ్లలో చాలామంది పని చేస్తున్నవాళ్లే, దాన్ని లెక్క రాసి పంపడం రాకనో తెలియకనో పోగొట్టుకున్నారు. కొత్తగా పనిలో చేరినవాళ్లు పెరగలేదు కూడా. 2019లో కోర్టు ఆపింది, 2025 జూలైలో మళ్లీ అదే 80 గంటల నియమాన్ని, ఒబామా చట్టం కింద కొత్తగా చేర్చుకున్న పెద్దవాళ్ల మీద కేంద్రమే చట్టం చేసింది, 2027 కల్లా అమలు చేయాలి. ఇక్కడ వేలిముద్ర పడక పేరు పోయినట్టే అక్కడ లెక్క పంపక పేరు పోతుంది. జబ్బు ఉన్నా పోతుంది, పని చేస్తున్నా పోతుంది. మీ అమ్మాయికి ఒక మాట చెప్పండి, ఆ ఊడ్చే ఆమెకు దగ్గర్లో ఉచిత క్లినిక్కు ఏదన్నా ఉందేమో వెతికి పెట్టమనండి, ఆమెకు ఇంగ్లీషు ఫారాలు నింపేటప్పుడు పక్కన కూర్చుంటే ఇంకా మంచిది.

ప్రశ్న: మాకు కార్డుంది, ఆరోగ్యశ్రీ ఉన్న దవాఖానకే పోయాం. అయినా లోపల వేసే రాడ్డు మంచిది కావాలంటే 30 వేలు అదనం అంటున్నారు. రేపు మధ్యాహ్నం ఆపరేషన్. కట్టాలా?
నకిరేకల్ నుంచి ఫోన్‌లో అడిగిన చెల్లె

జవాబు: ఈ చెల్లెకు అప్పుడే ఫోన్‌లో చెప్పాను, మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. ఆ ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ అనుమతి వచ్చి ఉంటే పరీక్షలు, మందులు, లోపల వేసేవి, తిండి అన్నీ ప్యాకేజీలోనే ఉంటాయి, మీరు రూపాయి కట్టక్కర్లేదు. కింద ఆరోగ్యశ్రీ రోగులకు సాయం చేసే ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది, ముందు అక్కడికి పోయి అనుమతి వచ్చిందో లేదో అడగండి, పైసలు అడుగుతున్న సంగతి అక్కడే చెప్పండి, వినకపోతే 104కు ఫోన్ చేయండి. ఎమర్జెన్సీ అయితే ఫోన్ మీదే అనుమతి తీసుకునే వీలుంది, కాగితం రాలేదని చికిత్స ఆపకూడదు.

దవాఖానల వైపు బాధ కూడా నాకు తెలుసు. బిల్లులు నెలల తరబడి రాక 2025 సెప్టెంబర్‌లో ప్రైవేటు దవాఖానలు కొన్ని రోజులు ఆరోగ్యశ్రీ సేవలే ఆపేశాయి. సర్కారు టైముకు ఇవ్వకపోవడం తప్పే, గట్టిగా చెబుతున్నాను, ఇంకా ఎంతమందిని చేర్చినా ఇచ్చే పైసలు టైముకు ఇవ్వకపోతే ఆ కార్డును చూసి తలుపు వేసేసుకుంటారు. కానీ ఆ బకాయి మంచం మీదున్నవాళ్ల దగ్గర వసూలు చేయడమేంటి? మా మేనమామకు తుంటి ఎముక విరిగితే హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో ఇలాగే 25 వేలు అడిగారు. నేను డ్యూటీలో ఉన్నాను, మా అత్తమ్మ భయపడి చెవి కమ్మలు కుదువపెట్టి కట్టేసింది. తర్వాత నేను పోయి అడిగితే మేం తీసుకోనేలేదన్నారు, రసీదు చూపించమన్నారు. రసీదు ఇవ్వలేదు, ఆమె అడగలేదు, ఆ పైసలు ఈరోజుకీ రాలేదు. ఈ చెల్లె మాత్రం రసీదు ఇస్తేనే కడతానందట, సాయంత్రానికల్లా ఆ 30 వేల మాట ఎవరూ ఎత్తలేదు.